ఖాళీ నీడ

షేడ్ నెట్ ట్రైలర్ గోడకి ఆనకూడదు. ఆనిందంటే ఎండ గుడ్డలోంచి రేకులోకి, రేకులోంచి ఇంట్లోకి దిగుతుంది. మధ్యలో జానెడు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో గాలి కిందినుంచి పైకి పోతూ ఉండాలి. అర్లీటా ఆ జానెడు కోసం ట్రైలర్ పైఅంచున ప్లాస్టిక్ గొట్టం అడ్డంగా బిగించి, నెట్‌ని దాని మీదుగా కిందికి జార్చి, కింది అంచుని నాలుగు మేకులతో నేలకి వాలుగా లాగి కట్టింది. ఫ్రిజ్ వెనక గాలాడే జాలీ ఉన్నచోట ఇంకో జానెడు దూరం జరిపింది. ఎవరూ నేర్పిన పని కాదు. మొదటి వేసవిలో నెట్‌ని గోడకి అతికించినట్టు బిగించి, ఇదేమిటి ఇంకా కాలుతోందని ఏడ్చింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి కప్పుమీది కిటికీలు రెండూ తెరుస్తుంది. ఏడు కాకముందే మూసేసి వాటిలో స్పాంజి దిండ్లు కుక్కుతుంది. పడమటి కిటికీలకి వెండిరంగు అట్టలు పెడుతుంది. లోపల ఇంకా చల్లగా ఉండగానే ఏసీ మొదలుపెడుతుంది. పన్నెండింటికి గోడలు కాలాక మొదలుపెడితే అది ఇక అందుకోలేదు. ఏసీ నడుస్తున్నంతసేపూ మైక్రోవేవ్ జోలికి పోదు. రెండూ కలిస్తే బయట స్తంభం దగ్గర కరెంటు పడిపోతుంది. వంట బయటే, ఆరింటిలోపే. ఇన్నీ చేస్తే, జులైలో బయట నూటపదహారు ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉన్న రోజున లోపల ఎనభై నాలుగు ఉంటుంది.

ఆ ఎనభై నాలుగులో ఆమె భర్త హోలిస్ బతుకుతున్నాడు. ముప్ఫయ్యేళ్లు ఈ ఎడారి ఊరు యూమా నుంచి ఉత్తరాదికి కూరగాయల లారీ తోలిన మనిషి. షుగరు ఎడమకాలు మోకాలిదాకా తీసుకుపోయింది, గుండెని సగం చేసింది. చక్రాల కుర్చీలో, చిన్న సోఫా పక్కన, ఫ్రిజ్‌కి ఎదురుగా కూచుంటాడు. ఆ ఫ్రిజ్‌లో అతని ఇన్సులిన్ ఉంటుంది.

సోమవారం పొద్దున గ్లెండా మార్ష్ గోల్ఫ్ బండిలో వచ్చింది. ట్రైలర్ ఇళ్లు వరసగా నిలిపే ఈ సిల్వర్ వాష్ పార్కుకి ఆవిడ మేనేజరు. వసంతకాలంలో పార్కుని కొత్త కంపెనీ కొన్నప్పుడు దానితోబాటే వచ్చింది. బండి దిగకుండానే పచ్చకాగితం చాపింది. కిటికీలకి అట్టలు, గోడకి నెట్టు మంగళవారం సాయంత్రంలోగా తీసెయ్యాలి. ఇది రెండో నోటీసు. మూడోది వస్తే వారంలో స్థలం ఖాళీ చెయ్యాలి. మొదటిది కిందటి నెల వచ్చింది, కప్పుమీద తడి దుప్పటి పరిచినందుకు.

నెట్ తీస్తే మా ఆయన లోపల ఉండలేడండీ అని అర్లీటా చెప్పింది. ఆమె గొంతు ఎప్పుడూ అంతే, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

"ఏసీ ఉందిగా, బంగారం" అంది గ్లెండా. "నేను పెట్టిన రూలైతే నీకోసం ఎత్తేద్దును. శుక్రవారం కంపెనీవాళ్లు ఫొటోలు తీసుకోడానికి వస్తున్నారు. గేటులోంచి చూస్తే ముందు కనిపించేది నీ ట్రైలరే."

దక్షిణం వరసలో ఉన్నవి ఎనిమిది ట్రైలర్లు. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవాళ్లవి. చూడ్డానికి వరస బాగుండాలని అన్నిటి మూతులూ రోడ్డువైపే పెట్టించారు. అందుకని అన్నిటి ఫ్రిజ్‌లూ, పెద్ద కిటికీలూ పడమరకి తిరిగి ఉన్నాయి. ఆ వరసలో నీడనిచ్చేది ఒక్కటీ లేదు. ఉత్తరం వరసలో ఇరవై స్థలాలు. ఒక్కొక్క దానికి నున్నటి సిమెంటు నేల, నాలుగు ఇనప స్తంభాలు, పైన ఎత్తుగా తెల్ల రేకుల పందిరి. అవి శీతాకాలం వాళ్లవి. ఎక్కడో మంచు కురిసే ఊళ్లనుంచి నవంబరులో వస్తారు, ఏప్రిల్లో పోతారు. మిగతా కాలమంతా ఇరవై పందిళ్లూ ఇరవై ఖాళీ సిమెంటు నేలలకి నీడ పడుతుంటాయి.

ఆ నేలలు కడగటం అర్లీటా పనే. రోజూ పొద్దున నాలుగు గంటలు పార్కులో పని చేస్తుంది. స్నానాల గదులు, బట్టలుతికే గది, సోమవారాలు ఉత్తరపు వరస. పందిరి దూలాల మీద పావురాలు ఉంటాయి. వాటి రెట్టలు నీళ్ల పైపుతో కొట్టి, గట్టి చీపురుతో రుద్ది, మళ్లీ కొట్టాలి.

ఆ రోజు ఏడో నంబరు పందిరి కింద పని అయ్యాక బూటు విప్పి, మేజోడు విప్పి, పాదం నేలమీద పెట్టింది. పదకొండైంది. పందిరి బయట అదే సిమెంటు మీద అరచెయ్యి పెట్టడానికి లేదు. ఇక్కడ నేల మట్టికుండలా చల్లగా ఉంది. రెండో బూటు కూడా విప్పింది. పైన పావురాలు కూస్తున్నాయి. అరవై మూడేళ్లకి మొదటిసారి ఆమెకి పావురాలంటే కోపం వచ్చింది.

ఆఫీసుకి వెళ్లి అడిగింది. అక్టోబరు దాకా, ఏ మూలో ఒక పందిరి కింద తమ ట్రైలర్ పెట్టుకోనిస్తే అట్టలూ నెట్టూ అక్కర్లేదని, ఫొటోలకి కూడా అడ్డం ఉండదని చెప్పింది. గ్లెండా ఓపిగ్గానే విన్నది. అవి బుక్కయిన స్థలాలని చెప్పింది. నవంబరుకి కదా అని అర్లీటా అంటే, నవంబరుకే, కానీ వాళ్లవి వాళ్లవేనని చెప్పింది.

"పైగా నేలమీద టైరు మరకలు పడితే పోవు. కడిగేది నువ్వే కదా, నీకు తెలీదా?"

అర్లీటాకి తెలుసు. వచ్చేసింది.

*

మంగళవారం తెల్లవారుతూనే నెట్ విప్పింది. సాయంత్రం దాకా ఆగొచ్చు. కానీ మాట పడటం ఆమెకి చేతకాదు. మేకులు పీకి, నెట్‌ని మడతలు పెట్టి, మంచం కింద దోపింది. అట్టలు ఒక్కొక్కటే తీసింది. పడమటి గోడ పుట్టింటినుంచి గెంటేసిన పిల్లలా నిలబడింది.

"ఏసీ ఉందిగా, బంగారం" అన్నాడు హోలిస్, గ్లెండా గొంతు పెట్టి.

పదింటిదాకా బాగానే ఉంది. పన్నెండింటికి ఎనభై తొమ్మిది. రెండింటికి పొద్దు వాలి గోడకి తగిలింది. మూడింటికి తొంభై ఏడు. మనిషి ఒంట్లో ఉండాల్సిన వేడి గదిలో ఉంది. ఏసీ ఆగకుండా అరుస్తోంది. అర్లీటా తువ్వాళ్లు తడిపి హోలిస్ మెడ చుట్టూ, కాలి మీద వేసింది. పది నిమిషాల్లో ఆరిపోయేవి, మళ్లీ తడిపేది. ఫ్రిజ్ తలుపు తెరిస్తే లోపలి గాలి మొహానికి చల్లగా తగల్లేదు. పాలు విరిగిపోయాయి.

బెటో పని నుంచి రాగానే పిలిచింది. పక్క ట్రైలర్ కుర్రాడే, ముప్ఫై రెండేళ్లుంటాయి, కూరగాయల గోదాముల్లో పెద్ద పెద్ద చల్లగదులు బాగుచేస్తాడు. స్నానమైనా చెయ్యకుండా వచ్చి, బయట గోడకున్న జాలీ విప్పి, లోపలికి చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. మామూలు ఇంటి ఫ్రిజ్‌కైతే మోటారు ఉంటుంది, దీనికి లేదు, ఈ గొట్టాల్లోంచి వేడి బయటికి పోతేనే లోపల చల్లబడుతుంది, బయటే కొలిమి ఉంటే అది ఎక్కడికి పోతుందని చెప్పాడు.

"అంటే పాడైందా?"

"ఫ్రిజ్ పాడవ్వలేదత్తా. గోడ పాడైంది." జాలీలో చిన్న ఫ్యాన్ ఒకటి బిగించి, "రాత్రికి కొంచెం దిగుతుంది. రేపు మళ్లీ ఇంతే" అన్నాడు.

ఇంకోపక్క ట్రైలర్ మేవిస్ టాలివర్ తన ఐసుపెట్టె తెచ్చి ఇచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, కర్ర పట్టుకుని నడుస్తుంది, నోటికి కర్ర అక్కర్లేదు. ఇన్సులిన్ సీసాలు ఐసుకి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టారు. గడ్డకట్టినా పనికిరాదు, ఉడికినా పనికిరాదు. ఐసు అమ్మే పెట్రోలు బంకు రెండు మైళ్లు.

తనకీ నోటీసు వచ్చిందని మేవిస్ చెప్పింది. కిటికీలో దుప్పటి కట్టినందుకు.

"పూలది కట్టాను కదే, అందంగా ఉందని ఊరుకుంటుందనుకున్నా."

బుధవారం ఒంటిగంటకి హోలిస్ భార్యని "రూతీ" అని పిలిచాడు. రూతీ అతని చెల్లెలు, పోయి పదకొండేళ్లైంది. గుర్రాలకి నీళ్లు పెట్టావా అని అడిగాడు. చెమట పట్టటం ఆగిపోయి మొహం పొడిగా, ఎర్రగా ఉంది. అర్లీటా బిందెడు నీళ్లు అతని నెత్తిమీంచి పోసి, కుర్చీ బయటికి దించి, కంకర మీద తోసుకుంటూ బట్టలుతికే గదికి తీసుకుపోయింది. పార్కులో అందరికీ పనికొచ్చే పెద్ద ఏసీ ఉన్నది అక్కడే.

మేవిస్ అప్పటికే అక్కడుంది. గిర్రున తిరుగుతున్న మిషను ముందు కూచుని అల్లుకుంటోంది. గాజుతలుపు వెనక ఒకే ఒక్క మేజోడు పడి లేస్తోంది.

"పొద్దున్నుంచీ ఉతుకుతున్నా" అంది. "మురికి మేజోడు."

అర్లీటా హోలిస్‌ని గాలి తగిలేచోట పెట్టింది. కాసేపటికి అతను కళ్లు తెరిచి, ఇదెవరి పెళ్లి, నన్నింత తడిపారు అన్నాడు. అర్లీటా నవ్వబోయి గోడవైపు తిరిగింది.

రెండు కావస్తుండగా గ్లెండా వచ్చింది. ఈ కుర్చీలు బట్టలుతుక్కునేవాళ్ల కోసమని చెప్పింది. మేవిస్ మిషనువైపు వేలు చూపించింది. గ్లెండా మేజోడుని చూసింది, హోలిస్‌ని చూసింది. ఇకనుంచి రెండింటినుంచి ఆరింటిదాకా ఈ గదికి తాళం పడుతుందని, కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని కంపెనీ చెప్పిందని అంది. తర్వాత అర్లీటావైపు తిరిగి, తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా అంది.

అర్లీటా నడుముకి తాళాలగుత్తి ఉంది. అందరూ బయటికొచ్చారు. మేవిస్ తడి మేజోడు పిండుకుంటూ వచ్చింది. హోలిస్ కుర్చీ ఎండలో ఉంది. అర్లీటా తలుపు లాగి, తాళం పెట్టి, తిప్పింది. గట్టిగా పడిందో లేదో అలవాటు కొద్దీ లాగి కూడా చూసింది. ఆ లాగి చూడటం ఆమెకి తర్వాత చాలాసేపు చేతిలో ఉండిపోయింది.

బెటో ఆ రోజు తొందరగా వచ్చాడు. హోలిస్‌ని తన ట్రక్కులో కూచోబెట్టుకుని, ఏసీ పెట్టి, పొద్దువాలేదాకా ఊళ్లన్నీ తిప్పాడు. తిరిగొచ్చేసరికి అర్లీటా ట్రైలర్ ముందు నిలబడి ఉంది. మెట్టు ఊడదీసి పక్కన పెట్టింది. చుట్టూ కట్టిన రేకు దడి సగం విప్పేసింది. చేతులు మట్టి.

"నీ బండి మా ఇల్లు లాగుతుందా?" అని అడిగింది.

బెటో ట్రైలర్‌ని చూసి, ఉత్తరపు వరసని చూశాడు. ఏ నంబరని అడిగాడు.

"ఏడు. నిన్నగాక మొన్నే కడిగాను."

*

గురువారం నాలుగున్నరకే పని మొదలైంది. ఆకాశం ఇంకా బూడిదరంగులో ఉంది. గ్యాసు బుడ్లు కట్టారు. అల్మరా తలుపులకి టేపు వేశారు. మురుగు గొట్టం, నీళ్ల గొట్టం, కరెంటు తీగ విప్పారు. హోలిస్ కుర్చీలో కూచుని పని చెబుతున్నాడు. లారీ తోలిన రోజుల గొంతు వచ్చింది అతనికి.

బెటో రేకు దడి మిగతా సగం విప్పి, లోపలికి టార్చి వేసి, కిందికి వంగి చాలాసేపు లేవలేదు.

"మావయ్యా" అన్నాడు. "టైర్లు చూశావా?"

నాలుగు టైర్లు. ఆరేళ్లుగా కదల్లేదు. దడిలో రేకులు ఊడిపోయిన సందుల్లోంచి రోజూ మధ్యాహ్నం పొద్దు వాటిమీద పడింది. రబ్బరు ఎండిన చెరువు మట్టిలా పగిలింది. బెటో ఒకదానికి గాలి పట్టాడు. సగం నిండేసరికి తుపాకీ పేలినట్టు పేలింది. రెండోది పేలలేదు, పక్కనుంచి మెల్లగా నోరు తెరిచింది. మిగతా రెండింటికి పట్టలేదు. వెనక తగిలించిన స్టెప్నీ తొడుగు తీసి చూస్తే అదీ అంతే.

అర్లీటా కంకరమీద కూలబడింది. కప్పుకి తెల్లరంగు వేసింది. కిటికీలకి అట్టలు కోసింది. ఫ్రిజ్ వెనక జానెడు జానెడు కొలిచింది. ఇల్లంతా ఎండనుంచి దాచింది, కాళ్లని మాత్రం ఎండలో వదిలేసింది.

"నాదే తప్పు" అన్నాడు హోలిస్. "లారీ తోలేటప్పుడు మధ్యాహ్నం ఆపితే చాలు, ముందు టైర్లకి గోనెపట్టా కప్పేవాణ్ణి. ఇది ఇల్లయిపోయింది కదా. ఇంటికి టైర్లుంటాయని మర్చిపోయాను."

పేలిన చప్పుడుకి మేవిస్ పడుకునే గౌనుతోనే వచ్చింది. సంగతి విన్నది. చక్రానికి నట్లెన్నని అడిగింది. ఆరని బెటో చెప్పాడు.

"నా స్టెప్నీకి ఆరే. రెండేళ్లకిందట మా అల్లుడు కొనిపెట్టాడు. వాడు చేసిన మంచిపని అదొక్కటే, పట్టుకుపో."

బెటో తన స్టెప్నీ విప్పాడు. రెండు. వరస చివర ప్రూయిట్ అన్నదమ్ములున్నారు, పక్కపక్క ట్రైలర్లలో. గొట్టం పంపు గొడవలో మాటలు ఆగిపోయి నాలుగేళ్లైంది. పెద్దవాడు స్టెప్నీ దొర్లించుకుంటూ వచ్చాడు. అది చూసి చిన్నవాడు లోపలికెళ్లి, తనదీ దొర్లించుకుంటూ వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఇరుసుకి రెండు పక్కలా కూచుని నట్లు బిగించారు. ఒకడికి స్పానర్ కావలసి వస్తే రెండోవాడు మాట్లాడకుండా ట్రైలర్ కిందినుంచి దొర్లించాడు.

నాలుగు చక్రాలు నాలుగు రకాలు. ఇల్లు ఒక పక్కకి వేలెడు వాలింది. జాకీ దించారు. బెటో ట్రక్కు వెనక్కి తెచ్చాడు. హోలిస్ కుర్చీలోంచి చెయ్యి ఎత్తి ఎడమకి, ఎడమకి, ఆపు అన్నాడు. కొక్కెం పడింది. ఆరేళ్లుగా నేలకి అంటుకున్న ఇల్లు ఒక మూలుగు మూలిగి కదిలింది. రెండువందల గజాలు. అర్లీటా పక్కన నడిచింది, గోడమీద అరచెయ్యి వేసి, పశువుని నడిపిస్తున్నట్టు.

ఏడో పందిరి కింద ముందు వైపు ఆపి, చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, సిమెంటు ఇటుకల మీద మూలలు ఎక్కించి, సమంగా ఉందో లేదో గ్లాసుడు నీళ్లు బల్లమీద పెట్టి చూశారు. ఇక్కడి స్తంభంలో కరెంటు కూడా ఎక్కువ. ఏడు కాకముందే ఏసీ మొదలైంది. పావురాలు లేచి ఎనిమిదో పందిరికి పోయాయి.

తొమ్మిదిన్నరకి లోపల డెబ్భై ఆరు.

*

గ్లెండా పదింటికి వచ్చింది. ఈసారి బండి దిగింది. ముందు నేలమీద టైరు మరకలు చూసింది. తర్వాత, పన్నెండింటిలోగా ఎక్కడిది అక్కడ పెట్టాలని చెప్పింది.

అర్లీటా తాళాలగుత్తి నడుమునుంచి తీసి ఆవిడ చేతికిచ్చింది. స్నానాల గదులు కడగటం అయిందని, ఉతికే గది చీపురు కొత్తది కావాలని చెప్పింది. వెనక్కి మాత్రం పోనని చెప్పింది.

"చూడు బంగారం, నేను బండి పిలిపిస్తే బాగుండదు. లాక్కెళ్లి గేటు బయట పడేస్తారు. అక్కడ ఈ మాత్రం నీడ కూడా ఉండదు."

"పిలిపించండి" అంది అర్లీటా.

గ్లెండా అక్కడే నిలబడి ఫోను చేసింది. మధ్యాహ్నానికి వస్తామన్నారు. ఫోను పెట్టేసి ట్రైలర్ చుట్టూ నడిచి చక్రాలు చూసింది. నాలుగూ నాలుగు రకాలని ఆవిడకి అప్పుడు కనిపించింది. బెటో పనికి పోలేదు, స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. మేవిస్ పందిరి నీడలో కుర్చీ వేసుకుని అల్లుకుంటోంది. ప్రూయిట్ అన్నదమ్ములు చెరో మూలా ఉన్నారు.

"ఇవి ఎవరివి?" అంది గ్లెండా. మేవిస్ ఇంకో కుట్టు అల్లింది. "సరే. ఈ ట్రైలర్‌కి ఎవరి చక్రం ఉంటే వాళ్లకీ మూడో నోటీసే. వాళ్లూ కలిసి చేసినట్టే. ఎవరివి వాళ్లు తీసుకుని ఇక్కడినుంచి వెళ్లిపోతే నేనేమీ చూడలేదు. నేను తిరిగొచ్చేసరికి ఒక్కడూ ఇక్కడ కనబడకూడదు, చక్రాలూ కనబడకూడదు."

బెటో నోరు తెరవబోయాడు. అర్లీటా అతన్ని ఆపింది.

"ఆవిడ చెప్పింది నిజమే" అంది అదే చిన్నగొంతుతో. "నా మూలాన మీకెవరికీ కాగితం రాకూడదు. ఎవరివి వాళ్లు విప్పుకు వెళ్లండి."

గ్లెండా తల ఊపింది. ఇప్పటికైనా తెలిసొచ్చింది అన్నట్టు చూసి, బండెక్కి ఆఫీసుకి పోయింది.

బెటో ఒక్క క్షణం అర్లీటా మొహంలోకి చూశాడు. తర్వాత చక్రాలని, కింద ఇటుకలని చూశాడు. వెళ్లి జాకీ తెచ్చాడు. కిటికీలోంచి హోలిస్ అన్నాడు, "ఇరుసు కింద ఇటుకలు అడ్డంగా పెట్టరా. నిలువుగా పెడితే పగుల్తాయి." బెటో అడ్డంగానే పెట్టాడు. ప్రూయిట్ పెద్దవాడు నట్లు వదులు చేస్తుంటే చిన్నవాడు పట్టి డబ్బాలో వేశాడు. అరగంట పట్టింది. ఎవరి చక్రం వాళ్లు దొర్లించుకుంటూ ఎండలో దక్షిణం వరసకి వెళ్లిపోయారు. మేవిస్‌ది బెటో దొర్లించాడు.

ట్రైలర్ సిమెంటు ఇటుకల మీద కూచుని ఉంది, కదలకుండా.

లాగే బండి పన్నెండున్నరకి వచ్చింది. తోలేవాడు పెద్దవాడు, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. గ్లెండా అతనితోబాటు వచ్చి ఇదే అని చూపించింది. అతను పందిరి కిందికి వచ్చి ముందు ఒక నిమిషం ఊరికే నిలబడ్డాడు, నీడలో. తర్వాత వంగి చూశాడు.

"చక్రాలేవి?"

గ్లెండా కూడా వంగింది.

పాతవి దక్షిణం వరసలో తమ స్థలంలోనే ఉన్నాయని అర్లీటా చెప్పింది. అతను నడిచివెళ్లి చూసి వచ్చాడు. వాటిమీద పదడుగులు కూడా పోదని, పేలితే ఇరుసు విరుగుతుందని, విరిగితే తన లైసెన్సు పోతుందని చెప్పాడు. మరి ఎత్తి పట్టుకుపొమ్మని గ్లెండా అంది. ఎత్తాలంటే క్రేను కావాలని, క్రేను ఫీనిక్స్‌నుంచి రావాలని, వచ్చినా ఈ రేకుల కప్పు ఊడదీస్తేగాని చెయ్యి లోపలికి పెట్టలేదని అతను చెప్పాడు.

"కప్పు మీరు ఊడదీయిస్తారా?"

గ్లెండా తలెత్తి రేకులకేసి చూసింది.

అప్పుడు అతనికి కిటికీలో హోలిస్ కనిపించాడు. టోపీ తీశాడు. "లోపల మనిషి ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు గ్లెండాతో. "మనిషున్న ఇల్లు నేను లాగనమ్మా. కోర్టు కాగితం తెచ్చుకోండి." అర్లీటా మంచినీళ్లు ఇస్తే నిలబడే తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగి, వెళ్లిపోయాడు.

గ్లెండా పందిరి అంచున నిలబడిపోయింది. సగం నీడలో, సగం ఎండలో. కోర్టులో కాగితం పెడతానంది. ఎన్నాళ్లు పడుతుందో అర్లీటా అడిగింది. నాలుగు వారాలు, ఆరు వారాలు అంది గ్లెండా, ఆవిడ గొంతులో మొదటిసారి బంగారం లేదు. రేపు ఫొటోలవాళ్లు వస్తారని, వాళ్లకేం చెప్పాలని అంది. అది తనకి తెలియదని అర్లీటా చెప్పింది. ఆరు వారాలంటే సెప్టెంబరు. సెప్టెంబరులో రాత్రుళ్లు చల్లబడతాయి. ఆమె వేళ్లమీద లెక్కపెట్టడం గ్లెండా చూసింది, చూసి బండెక్కింది.

లోపల ఎనభై ఒకటి. వెనక గోడ చల్లగా ఉండి ఫ్రిజ్ పనిచేస్తోంది. అర్లీటా ఐసుపెట్టెలోంచి సీసాలు ఒక్కొక్కటే తీసి, తుడిచి, ఫ్రిజ్ తలుపు అరలో నిలబెట్టింది. హోలిస్ కుర్చీలో నిద్రపోతున్నాడు. నుదుటిమీద చెమట ఉంది. చెయ్యి వేసి చూసింది, తడి. ఆ తడి చూసి ఆమె ప్రాణం కుదుటపడింది.

నాలుగింటికి మేవిస్ కర్ర పట్టుకుని వచ్చింది. వెనక బెటో. మేవిస్ తిన్నగా ఎనిమిదో పందిరి కిందికి పోయి, ఆ కొసనుంచి ఈ కొసకి అడుగులు కొలుచుకుంటూ నడిచింది. పావురాలు మళ్లీ లేచాయి.

"నాది ఇరవై రెండు అడుగులు. సరిపోద్ది" అంది. "బెటో, నా టైర్లు కూడా చూసి చావరా ఓసారి."

"చూశానత్తా. పోయాయి."

"ఇప్పుడు ఖాళీగా ఎన్ని స్టెప్నీలున్నాయి?"

"నాలుగు" అన్నాడు బెటో.

అర్లీటా గుమ్మంలోంచి దిగివచ్చింది. ఫొటోలవాళ్లు ఎన్నింటికి వస్తారో కనుక్కున్నానని, తొమ్మిదింటికని చెప్పింది. మేవిస్ కర్ర చంకలో పెట్టుకుని అల్లిక తీసింది.

"అయితే నాలుగింటికే మొదలుపెడదాం" అంది. "నాకు సర్దుకునేది ఎక్కువ."